కొత్త వాషర్

పొద్దున తొమ్మిదింటికి మంజుల మెకానిక్ షెడ్డు షట్టరెత్తి ముందరంతా ఊడ్చేది. మరక దగ్గరికి వచ్చేసరికి చీపురు పైకెత్తి పక్కనుంచి పోనిచ్చేది. సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీద ఆ షెడ్డుకు వచ్చేవాళ్లందరూ దాన్ని దాటుకునే వెళ్లి బల్ల మీద కూర్చునేవాళ్లు. తెలియని వాళ్లెవరైనా తొక్కబోతే మరకే అరడుగు పక్కకు జరిగేది.

అన్నం తినే పళ్లెమంత ఉండే ఆయిలు మరక అది. నల్లగా, ఎండ పడితే కాస్త నీలంగా మెరుస్తుంది. నాలుగేళ్ల కింద మంజుల భర్త నగేష్ మఠంపల్లిలో ట్రాక్టరు రిపేరు చేసి బైకు మీద వస్తూ, నేరేడుచర్ల దగ్గరి మలుపులో ఆ ఆయిలు మీదనే జారి పడ్డాడు. నలభై నిమిషాలు రోడ్డు మీద ఉన్నాడు. పోయే బండ్లన్నీ పోయాయి, ఒక్కటీ ఆగలేదు. కొంచెం ముందు తెస్తే బతికేవాడని దవాఖానాలో అన్నారు.

శవం వ్యానులో ఆ రాత్రికే వచ్చింది. మరక మాత్రం రెండో రోజు సాయంత్రానికి చేరింది. అంత దూరం రోడ్డు మీద పాక్కుంటూ రావాలంటే టైము పడుతుంది మరి. నగేష్ తల్లి పెంటమ్మ సబ్బు పెట్టి కడిగింది, కిరోసిన్ పోసి రుద్దింది. మూడో నాడు చీపురు పక్కన పడేసి, "ఉండనియ్యి బిడ్డా. దాని ఓనరు ఎన్నడో ఒకనాడు వస్తడు" అంది. అత్తాకోడళ్లు ఆ ఓనరు కోసం చూస్తూ కూర్చున్నారు.

మంజులకు పని నగేష్ దగ్గరే వచ్చింది. షెడ్డు ఆగలేదు. గిరాకీలతో ఆమెకు ఉన్న తగాదా అల్లా ఒక్కటే. ఇంజన్ కింద పాత ఆయిల్ దించే బోల్టు ఒకటి ఉంటుంది, దానికి రూపాయి బిళ్లంత రాగి వాషర్. బోల్టు బిగిస్తే అది నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగింది మళ్లీ నలగదు కాబట్టి ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్తది వేయాలి. దాని ఖరీదు ఒక చాయ్ కన్నా తక్కువ. డబ్బా ఆయిలుకు కిక్కురుమనకుండా డబ్బులిచ్చే పెద్దమనుషులు ఈ వాషర్ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని తెలివి చూపిస్తారు. "పాతదే తిప్పి ఎయ్యి" అంటారు. పెనం మీద రొట్టె తిప్పినట్టు తిప్పితే కొత్తదైపోతుందని వాళ్ల నమ్మకం.

ఒక గురువారం మధ్యాహ్నం తెల్ల జీపు వచ్చి ఆగింది. దిగినాయన చంద్రమౌళి, మిర్యాలగూడలో రైసు మిల్లు సేటు. ఆఫీసు పని మీద సూర్యాపేట వచ్చి, సారు భోజనానికి పోయాడంటే ఈలోగా ఆయిలన్నా మార్పిద్దామని వచ్చాడు. ఆయన రెండో కాలు నేల మీద పెట్టకముందే మరక కదిలింది. గబగబా జీపు కిందికి పోయి సరిగ్గా ఇంజన్ బోల్టు కింద ఆగింది. చెప్పులకు అంటకుండా సేటు కాలు పైకెత్తాడు, అంతే. బల్ల మీద కూర్చున్న పెంటమ్మ చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"ఏమ్మా, మగోళ్లెవరు లేరా?"

"నేనే మారుస్త సేటు. కూసోండ్రి" అంది మంజుల. గొంతు మామూలుగానే వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

పాత ఆయిల్ దించింది. బోల్టుకున్న వాషర్ రెండు వైపులా అరిగి కాగితంలా ఉంది. దాని పక్కన టేపు పీలికలు అంటుకుని ఉన్నాయి.

"వాషర్ ఖతమైంది సేటు. కొత్తది ఎయ్యాలె."

"వద్దొద్దు. పాతదే తిప్పి ఎయ్యి. పదేండ్లసంది గదే తిప్పుతున్న."

"ఎన్నడు కారలేదా?"

"ఒక్కసారి కారింది. నాలుగేండ్లయితుంది గావచ్చు. కోదాడ పోతుంటే నేరేడుచర్ల మలుపు కాడ చాయ్ తాగనీకి ఆగిన. సూస్తే బండి కింద గింత మడుగు. ఇగ బోల్టుకు జర టేపు సుట్టి పోనిచ్చిన."

"మడుగు మీద ఇంత మట్టన్న పొయ్యకపోతిరి."

"రోడ్డు నాదా ఏంది?" అని నవ్వాడు సేటు.

మంజుల చేతిలో పానా ఉంది. దాంతో ఆ నవ్వే నోటి మీద ఒక్కటి వేయాలనిపించింది. వేస్తే ఎక్కడ తగులుతుందో, ఎన్ని పళ్లు ఊడతాయో కూడా కళ్ల ముందు కనబడింది. పానా పట్టుకుని షెడ్డు వెనక్కి పోయింది. పెంటమ్మ వెనకాలే వచ్చింది.

"బోల్టు లూజు ఇడిసిపెట్టు. తొవ్వల ఊడిపడాలె, ఇంజన్ కాలిపోవాలె."

"ఊడితే ఆయిల్ సేటు మీద పడదు అత్తమ్మా. రోడ్డు మీద పడ్తది. ఎనకొచ్చేటోడు పడ్తడు."

"అయితే ఊకెనే పంపుతవా? నా కొడుకును తిన్నోడు వాడు."

"ఊకె పంప" అంది మంజుల.

డబ్బాలోంచి కొత్త రాగి వాషర్ తీసింది. బోల్టుకు తొడిగి, అది నలిగి కూర్చునేదాకా బిగించింది. తర్వాత జీపు కిందికి వంగి, అరచేతులు రెండూ నేలకు ఆనించి, "రా" అంది. నాలుగేళ్లలో సబ్బుకు రానిది, కిరోసిన్‌కు రానిది, ఆ మాటకు కదిలి వచ్చి దోసిట్లో నిండింది. వెచ్చగా ఉంది. లేచి దాన్ని గరాటులోంచి ఇంజన్‌లో పోసింది. దాని మీద కొత్త ఆయిల్ పోసి మూత బిగించింది. పెంటమ్మ చూస్తూ ఉంది. చాలా రోజులకు ఆ ముసలామె ముఖంలో తృప్తి కనబడింది.

బిల్లు చూసి సేటు ముఖం మాడ్చాడు. "కొత్త వాషర్ వద్దంటి గద?"

"దానికి పైసలొద్దు సేటు. లోపలిది సుక్క గూడ బయటికి రావొద్దని నాకోసం ఏసుకున్న."

ఊరికే వచ్చిందనేసరికి సేటు ఇంకేమీ అడగలేదు.

తెల్లారి సేటు రోజూలాగే వడ్ల బేరానికి కోదాడ బయల్దేరాడు. నేరేడుచర్ల మలుపు దగ్గర జీపు తనంతట తనే రోడ్డు పక్కకు జరిగి ఆగింది. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. సరిగ్గా నలభై నిమిషాలకు దానికదే స్టార్టయింది. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. మరునాడూ అంతే. మిల్లు డ్రైవరొక్కడే తోలుకుపోతే ఎక్కడా ఆగేది కాదు, సేటు ఎక్కితేనే ఆగేది. కోదాడ మేస్త్రీ ఆయిల్ దించేద్దామని పడుకుని చూసి, "వాషర్ బాగా కూర్చుందండీ, బోల్టు కదలట్లేదు" అని లేచాడు. మిర్యాలగూడ మేస్త్రీకి రెండు పానాలు విరిగాయి. అట్లాంటి జీపును కొనేవాళ్లు లేరు. ఇంకో జీపు కొనుక్కోవచ్చు కదా అంటే, వాషర్ కొనడానికి చేతులు రాని మనిషి జీపేం కొంటాడు? బస్సెక్కుదామంటే, ఇంట్లో జీపు పెట్టుకుని టికెట్టు తీసుకోవడం దండగ అనుకున్నాడు. అట్లా రోజూ వెళ్లి రోజూ ఆ మలుపులో నిలబడ్డాడు.

గిరాకీల నోట ఈ సంగతి విని, రెండు నెలలకు మంజుల చూద్దామని బయల్దేరింది. నేరేడుచర్లలో సక్రు అనే కుర్రాడి షేర్ ఆటో ఎక్కి, మలుపు దగ్గర ఐదు నిమిషాలు ఆపమంది. మిట్టమధ్యాహ్నం. సేటు రోడ్డు అంచున ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మిల్లు నుంచి తెచ్చుకున్న ఊక బూడిద మూట పక్కన పెట్టుకుని, ఎవరి బండి నుంచో కారిన ఆయిలు మీద దోసిళ్లతో పోస్తున్నాడు. ఆయన్ని అట్లా చూడటం మంజులకు హాయిగా ఉంది. ఆ హాయికి ఆమె సిగ్గుపడలేదు.

సేటు ఆమెను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. "మొన్న నా కండ్ల ముంగట ఒకాయన జారి పడ్డడమ్మా. నా బండి కదలదాయె. వచ్చేపోయే బండ్లకు చెయ్యెత్తిన. ఒక్కడు ఆగలే. ఆయన తలకాయ ఒళ్లె పెట్టుకొని గట్లనే కూసున్న."

"బతికిండా?"

"బతికిండు. నా బండి స్టార్టయినంక నేనే తీస్కపోయిన."

"నా పెనిమిటి బతకలే" అంది మంజుల. "నగేష్ ఆయన పేరు. నువ్వు టేపు సుట్టి పోయినంక పడ్డడు. గీడనే, నలభై నిమిషాలు."

సేటు బూడిద చేతులు రెండూ జోడించాడు. "బోల్టు ఇప్పమ్మా. నీ చేతికైతే వస్తది" అన్నాడు.

నిజమే, ఆమె చేతికి వస్తుంది. ఆ సంగతి మంజులకూ తెలుసు. సంచిలో పానా కూడా ఉంది. కానీ విప్పితే మరక రోడ్డు మీద పడుతుంది, మళ్లీ తన షెడ్డుకే వస్తుంది, సేటు మాత్రం ఝామ్మని మిల్లుకు పోతాడు.

"ఇంక ఎంతసేపు ఉన్నది?" అని అడిగింది.

సేటు చేతి గడియారం చూసుకున్నాడు. "ఇరవై మూడు నిమిషాలు."

"ఉండు మరి" అని మంజుల ఆటో ఎక్కి, పోనియ్యమని సక్రుకు చెప్పింది.