మోదెస్తీనో బుట్ట

అక్టోబరులో వాన పడి ఎండ కాసిందంటే చాలు, మోదెస్తీనో తెల్లారకముందే అడవిలోకి వెళ్ళిపోతాడు. ఎక్కడికని ఎవరూ అడగరు, అడిగినా చెప్పడు. తిరిగొచ్చాక ఆయన బుట్టలో చెయ్యి పెట్టడమంటే, ఆ కొండ ఊళ్ళో, ఆయన జేబులో చెయ్యి పెట్టినంత తప్పు. ఆదివారం మధ్యాహ్నం కిందున్న అవెల్లీనో పట్నం నుంచి కార్లేసుకుని జనం ఆయన కొడుకు జెరార్డో పిజ్జా హోటల్‌కి వచ్చేది ఆ బుట్ట కోసమే.

అందులో ఉండేవి గుడ్లు. నిజానికి పుట్టగొడుగులే, కానీ ఇంకా గొడుగు విప్పనివి, తెల్లటి పొరలో ముడుచుకుని ఉన్నవి. పొయ్యిలోంచి తీసిన పిజ్జా మీద వాటిని పచ్చివే పలచగా తరిగి పరుస్తారు. విచ్చుకున్నాక ఏరితే ఏ భయమూ ఉండదు. కానీ లేతవాటి రుచే వేరని వాళ్ళ పట్టుదల, ఏం చేస్తాం! విషపు పుట్టగొడుగు కూడా పసితనంలో అచ్చం ఇలాగే ఉంటుంది. రెండుగా కోసి చూడాలి. లోపల పసుపు కనిపిస్తే పళ్ళెంలోకి, తెలుపు కనిపిస్తే పెంటలోకి.

ఆ కోసి చూసే పని మోదెస్తీనోదే. కోడలు ఎర్సీలియా వడ్డన చూసుకుంటుంది. కిందటి వారం ఆమె ఉండబట్టలేక నోరు విప్పింది.

"మామయ్యా, ఈసారి ఆఫీసు తెరిచుండే శుక్రవారమే ఏరుకొస్తే ఆరోగ్య శాఖ వాళ్ళకి ఓసారి చూపించుకోవచ్చు కదా. ఊరికే చూసిపెడతారట."

"నేనేరిన గుడ్లు ఇంకొకడు చూడాలా? నీ పెళ్ళి విందులో మెక్కావుగా, చచ్చావా?"

"నాన్నని కెలక్కు," అన్నాడు జెరార్డో పొయ్యి దగ్గర నుంచి. ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడమే తర్వాత ఆమె గుండెలో ముల్లయింది.

ఈ ఆదివారం బల్లలు అప్పుడే నిండుతున్నాయి. జనం ఇంకా పాస్తా దగ్గరే ఉన్నారు. బుట్టలోని గుడ్లు పరిచిన మొదటి పిజ్జా ఎప్పుడూ మనవరాలు నీవెస్‌దే. అది తిన్నాకే మిగతావాళ్ళకి. కిటికీ పక్కన తాతయ్య ముక్కలు చుట్టి నోట్లో పెడుతుంటే ఏడేళ్ళ పిల్ల కాళ్ళూపుకుంటూ తింటోంది.

ఎర్సీలియా పళ్ళాలతో అటుగా వెళ్తుంటే ముసలాయన తలెత్తాడు.

"కొత్త ఏప్రనా అమ్మాయ్? ఆ పసుపు రంగు నీకు నప్పలేదే."

పొద్దున్నే ఇస్త్రీ చేసి కట్టుకున్న ఏప్రన్ అది, పాలలా తెల్లగా ఉంది. నీవెస్ పకపకా నవ్వింది. తాతయ్య వేళాకోళమనుకుని ఎర్సీలియా కూడా నవ్వింది. పళ్ళాలు బల్ల మీద పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. గోడలు పసుపెక్కాయి, సున్నం వేయించరా అని నెల కింద ఆయన పట్టిన పేచీ గుర్తొచ్చింది. వేయించారు. వేయించాక కూడా, పసుపు పోలేదేమిటని సణిగాడు. కంటికి పొర కమ్మితే లోకమంతా పసుపుగా కనిపిస్తుందని తన తల్లి అనడం అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె వంటగదిలోకి పరుగెత్తింది. మోదెస్తీనో కోసిన పీట మీద పుట్టగొడుగుల మొదళ్ళు, సగం చెక్కలు ఇంకా అక్కడే పడి ఉన్నాయి. ఒకటి పసుపు. ఇంకొకటి పసుపు. మరోటి తిప్పి చూసింది. తెలుపు. దాని పక్కది కూడా తెలుపే, అంచున సన్నగా ఆకుపచ్చ జీర.

జెరార్డో రెండో పిజ్జా మీద తరుగు చల్లబోతున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమైందే?"

ఆమె తెల్ల చెక్క చూపించింది.

"మొదటిది ఎవరు తీసుకెళ్ళారు?" అన్నాడు, తెలిసీ.

"నేనే."

ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసి పిల్ల తిన్నదేమిటో చెప్పింది. అవతలి డాక్టరమ్మ వాంతులా, నొప్పా అని అడిగింది.

"ఏమీ లేదండీ. నవ్వుతోంది."

"మొదట్లో నవ్వుతూనే ఉంటారమ్మా. అంబులెన్స్ పంపిస్తున్నాను. ఆ ముక్కలు పారెయ్యకండి, వెంట తీసుకురండి."

ఇద్దరూ కిటికీ దగ్గరకి వచ్చారు. చుట్టూ జనం కబుర్లాడుకుంటూ ఫోర్కులు తిప్పుతున్నారు. పళ్ళెంలో ఒక్క ముక్కే మిగిలింది. జెరార్డో దాన్ని లాగేసి, తెల్ల చెక్కలు తండ్రి ముందు పెట్టాడు. మోదెస్తీనో ఒకటి తీసి వెలుతురుకేసి పట్టుకున్నాడు.

"ఇదేమిట్రా? బాగానే ఉందిగా. పసుపే కదా."

కొడుకు తల తిప్పుకున్నాడు. ముసలాయన కోడలి వైపు తిరిగాడు. ఆమె పిల్లని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఆయన ఆ చెక్కని మనవరాలి ముందుకి జాపాడు.

"బంగారూ, వీళ్ళు మాట్లాడరు గానీ, నువ్వు చెప్పు. ఇదేం రంగు?"

"తెలుపు తాతయ్యా," అంది నీవెస్, పెదాలకంటిన నూనె నాక్కుంటూ. "నువ్వు నాకు పెట్టినవన్నీ తెల్లవేగా. ఇంకా ఉన్నాయా?"