సత్తిబాబు అకార్డియన్

పొద్దున్నే కొట్టు తలుపులు తీసి జోగేశ్వరరావు నూనె డబ్బాలు తుడుచుకునేవాడు. పక్కన బల్లమీద కొడుకు అకార్డియన్ తనంతట తానే విచ్చుకుంటూ, ముడుచుకుంటూ ఊపిరి తీస్తుండేది. పెళ్ళి బ్యాండులో వాయించడానికి వెళ్తూ పట్టిసీమ దగ్గర పడవ మునిగి సత్తిబాబు పోయాక, గోదారి తిరిగిచ్చింది ఆ పెట్టెనొక్కదాన్నే.

"కాస్త జరపండి, సంచీ పెట్టుకుంటాను. ఇవాళ ఆయాసపడుతున్నట్టుందే?" అనేది నూనెకొచ్చే బుల్లెమ్మ.

"ముసురు కదమ్మా," అనేవాడాయన.

కొడుకు బతికుండగా ఆయన ఆ పెట్టె మొహం చూడలేదు. ఏళ్ళ తరబడి భజనల్లో హార్మోనియం వాయించినవాడు. "వాయిద్యమంటే చాపమీద బుద్ధిగా కూర్చోవాలి. చంటిపిల్లలా రొమ్ముకి కట్టుకుని ఊరేగడమేంట్రా!" అని కసిరేవాడు. సత్తిబాబు నవ్వేవాడు. "ఒక్కసారి తగిలించుకు చూడండి నాన్నగారూ." ఆయన తగిలించుకోలేదు.

ఇప్పుడు రోజంతా దాని పక్కనే కూర్చుంటే చెవి అటే పోయేది. ముడుచుకునేటప్పుడు ఒక్కోసారి సన్నటి స్వరం జారేది, మాట్లాడబోయి ఆగినట్టు. తన హార్మోనియంలో అలాంటిది ఎన్నడూ వినలేదు. నూనె పోసే చెయ్యి కూడా ఆ ఊపిరికి తగ్గట్టే వంగడం, లేవడం నేర్చుకుంది.

కోడలు అమ్మణ్ణికి నెలలు నిండాయి. పురిటికి తీసుకెళ్ళడానికి అన్నయ్య వస్తే, "పెట్టెని వదిలి రాను," అని తిప్పి పంపేసింది.

ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. మంత్రసాని సువార్తమ్మ ఆడపిల్లను తీసింది. పిల్ల ఏడవలేదు. వీపు చరిచినా, తలకిందులుగా పట్టుకున్నా కదల్లేదు. ఒళ్ళు నీలంగా మారిపోతోంది.

"ఊపిరందట్లేదండీ," అంది సువార్తమ్మ.

అమ్మణ్ణి గుమ్మంవైపు చూసింది. "మావయ్యగారూ, ఆయన ఊపిరి ఉంది కదా, పెట్టెలో. ఇచ్చెయ్యండి."

"ఇచ్చేస్తే మళ్ళీ రాదమ్మా."

"తెలుసు."

ఆయన పరుగున తెచ్చి, అలవాటుకొద్దీ చాపమీద పడుకోబెట్టి, హార్మోనియంలా ఒక చేత్తో తిత్తి లాగాడు. అది బిగుసుకుపోయింది.

"అలా కాదండీ! తగిలించుకోండి!" అరిచింది అమ్మణ్ణి.

చేతులు పట్టీల్లో దూర్చాడు. బరువు రొమ్ముమీద వాలింది. ఆయన ఊపిరి పీల్చాడు, అదీ పీల్చింది. చంటినాడు సత్తిబాబు తన రొమ్ముమీద పడుకున్నప్పటి వెచ్చదనం. ఆయన కాసేపు నొక్కలేకపోయాడు.

"బాబుగారూ!" అంది సువార్తమ్మ, పిల్లను తిత్తి మడతలకు ఆనించి.

నొక్కాడు. పెద్ద స్వరం లేచింది. అది తనంతట ఎప్పుడూ ముడుచుకోనంతగా, మడత మీద మడత అంటుకుపోయేదాకా నొక్కాడు. స్వరం ఆగినచోట పిల్ల ఏడుపు అందుకుంది.

సాయంత్రం బుల్లెమ్మ సీసా పట్టుకొచ్చింది. బల్లమీద పెట్టె మూసి ఉంది.

"ఏంటండీ, ఇవాళ ఊపిరి తియ్యట్లేదు?"

లోపల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. దాంతోపాటు అమ్మణ్ణీ. జోగేశ్వరరావు సీసాలోకి నూనె వంచాడు. ఎక్కడ ఆపాలో చేతికి తెలియలేదు. సీసా నిండి, నూనె బల్లమీదికి పొర్లిపోయింది.