ఎనిమిది గంటల సంతకం

గున్నేశ్వరరావుతో కాపురమంటే వేడన్నంతో కాపురం. ఇరవై మూడేళ్లుగా సత్యలక్ష్మి ఫిర్యాదు ఇదే. రామచంద్రపురంలో బట్టల షాపు కట్టేసి రాత్రి పదిన్నరకి ఇల్లు చేరే ఆ మహానుభావుడికి కంచంలో అన్నం పొగలు కక్కకపోతే, పెళ్లినాటి అలకలన్నీ ఆ పూటే గుర్తొస్తాయి.

షాపు షట్టరు మాత్రం ఎనిమిదింటికే సగం దిగుతుంది. ఆపైన సేల్స్ అమ్మాయిలు లోపలే ఉండి, పగలంతా విప్పి చూపించిన చీరలు మడతలుపెట్టి అరల్లో సర్దాలి. ఆ రెండు గంటలకీ జీతం లేదు. రిజిస్టర్లో రెండు సంతకాలూ పొద్దున్నే పెట్టేయాలి: వచ్చింది పదింటికి, వెళ్లింది ఎనిమిదింటికి. "సాయంత్రం హడావుడిలో మర్చిపోతారు" అనేవాడాయన.

కిందటి నెల ఆ అమ్మాయిల్లో ఒకతె, వీరవేణి, అలాగే మడతలు ముగించి పదింబావుకి బయటపడింది. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఊరికి నడుస్తుంటే ఇసుక లారీ గుద్దింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. అదనపు గంటలకి చట్టప్రకారం రావలసిన రెట్టింపు జీతం ఇప్పించమని ఆసుపత్రి మంచం మీంచే లేబర్ ఆఫీసుకి అర్జీ పెట్టుకుంది.

గున్నేశ్వరరావు ఆ ఆఫీసుకెళ్లి రిజిస్టరు చూపించాడు. "ఎనిమిదింటికే వెళ్లిపోయిందండి. ఆవిడ సంతకమే. తర్వాత ఎక్కడ తిరిగిందో మనకేం తెలుసు?"

సాయంత్రానికి ఆ మాట వీరవేణి ఊరు చేరింది. మొగుడు ఆసుపత్రికి రావడం మానేశాడు.

బత్తాయిలు పట్టుకెళ్లిన సత్యలక్ష్మితో వీరవేణి గోడకేసి చూస్తూ అంది: "డబ్బులు ఇవ్వకపోతే పోన్లెండి అమ్మగారూ. ఆ రెండు గంటలూ నేనెక్కడున్నానో అయ్యగారిని చెప్పమనండి, చాలు."

ఆ రాత్రి కంచంలో అన్నం గడ్డకట్టి ఉంది. పప్పు మీద తెట్టు.

"ఏంటిది?"

"ఎనిమిదింటికే వడ్డించానండి. షాపు కట్టేది అప్పుడే కదా."

"వేళాకోళమా?"

"రిజిస్టర్లో ఉందటగా. తర్వాత మీరెక్కడ తిరిగొచ్చారో నాకేం తెలుసు?"

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఆరు రాత్రులు చల్లన్నమే తిన్నాడు.

ఏడోరోజు లేబర్ ఆఫీసులో విచారణ. వీరవేణిని చక్రాల కుర్చీలో తెచ్చారు. మొగుడు గుమ్మం దగ్గరే, ఎవరి మనిషో అన్నట్టు నిలబడ్డాడు. వెనక బల్ల మీద సత్యలక్ష్మి, ఒళ్లో క్యారేజీ. అందులో అన్నం వేడిదో చల్లదో గున్నేశ్వరరావుకి ఇంకా తెలియదు.

"అయితే ఆవిడ ఎనిమిదింటికే వెళ్లినట్టు రాసుకోమంటారా?" అన్నాడు ఆఫీసరు.

గున్నేశ్వరరావు రిజిస్టరు తెరిచాడు. కుర్చీలో ఖాళీగా వేలాడుతున్న చీర కుచ్చెళ్లు కంటబడ్డాయి. అది తన షాపు చీరే. రిజిస్టరు మూసేశాడు.

"లేదండి. పదింబావు దాకా నా షాపులోనే ఉంది" అన్నాడు గొణుగుతున్నట్టు.

"గుమ్మం దగ్గరున్నాయనకి వినబడలేదు అయ్యగారూ" అంది వీరవేణి.

ఆయన గుమ్మంవైపు తిరిగాడు. "రోజూ నేనే ఉంచేవాణ్ణి. ఆ సంతకాలు పొద్దున్నే పెట్టించిందీ నేనే. ఎక్కడో తిరిగిందన్న మాట అబద్ధం. తప్పు నాదే."