రెండు స్టాపుల తెలుపు

నా రంగు గురించి మాట్లాడని నోరు బోరబండలో లేదు. మా అమ్మ రాజమ్మకైతే అదే దిగులు. అయినా సినిమాలో నాకంటూ ఒక పేరున్న వేషం వెయ్యాలని నా పట్టుదల. ఆ రోజుల్లో, అంటే తొంభై ఒకటిలో, చేతిలో ఫొటోల ఆల్బం లేనిదే ఫిల్మ్‌నగర్‌లో ఏ ఆఫీసు వాళ్లూ గడప తొక్కనిచ్చేవారు కాదు. అందుకే కృష్ణానగర్‌లో ఉండే స్టిల్ ఫొటోగ్రాఫర్ త్రినాథరావు గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన నన్ను జూబ్లీహిల్స్ బండల మీద కూర్చోబెట్టి, నా చెంప దగ్గర వెలుతురు కొలిచే మీటరు పెట్టి చూసుకున్నారు. ఏం చూస్తున్నారని అడిగాను.

"మూడు లెక్కలమ్మా. లెన్సు ఎంత తెరుచుకోవాలి, షట్టరు ఎంతసేపు తెరిచి ఉండాలి, లోపలున్న ఫిల్ము ఎంత వెలుతురు అడుగుతుంది. మూడూ కుదిరితే మనిషి ఉన్నది ఉన్నట్టు వస్తుంది."

"అయితే ఉన్నట్టే తియ్యుండ్రి సార్."

"ఉన్నట్టు తీస్తే నిన్నెవరు పిలుస్తారు పిచ్చి తల్లీ? లెన్సు రెండు స్టాపులు, అంటే రెండు మెట్లు, ఎక్కువ తెరుస్తాను, తెల్లగా వస్తావు. కాస్త ఛాయ తక్కువున్న పిల్లలందరికీ ఇలాగే తీస్తాను."

ఆ జాలికి నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకుని నవ్వాను, ఫొటో కోసం.

ఫొటోల్లో వెనక ఆకాశం లేదు, బండలు సున్నం కొట్టినట్టున్నాయి. మధ్యలో ఎవరో తెల్లమ్మాయి. అమ్మ మురిసిపోయి ఒకటి గోడకు తగిలించింది. ఆల్బం కాపీలు ఆఫీసు ఆఫీసుకూ ఇచ్చి వచ్చాను. ఎవరూ పిలవలేదు.

ఎండాకాలానికి ఒక సినిమాలో గుంపులో నిలబడే పనిలో కుదిరాను. రాళ్లు కొట్టేవాళ్ల కథట, షూటింగు ఆ బండల మీదే. రాళ్లు కొట్టే పిల్ల వేషానికి బొంబాయి నుంచి పచ్చటి ఛాయ అమ్మాయిని తెచ్చారు. మేకప్ మనిషి నన్ను పిలిచి చెయ్యి చాపమన్నాడు. నా చేతిని చూస్తూ రంగు కలిపి ఆ అమ్మాయి ముఖానికి పూశాడు.

అసిస్టెంట్ డైరెక్టర్ సూర్యప్రకాశరావు నా పేరు విని ఆగాడు. "మంజులతంటే నువ్వేనా? నీ ఆల్బం మా దగ్గర ఉందే. ఈ వేషానికి నల్లపిల్ల కోసం ఎన్ని ఆల్బాలు తిరగేశామో. ఒక్కదాంట్లోనూ కనబడలేదు."

నాకు ఏడుపు రాలేదు. వెనక్కి వెళ్లి గుంపులో నా చోట నిలబడ్డాను.

స్టిల్స్ తీయడానికి త్రినాథరావు గారే వచ్చారు. ఆ అమ్మాయి చెంప దగ్గర మీటరు పెట్టి, నన్ను చూసి తల దించుకున్నారు.

"ఈసారి ఎంత తెరుస్తరు సార్?" అన్నాను.

"తెరవనమ్మా. రెండు స్టాపులు మూస్తాను. నలుపు బాగా కనబడాలన్నారు," అని లెన్సు రింగు అటువైపు తిప్పారు.

ఆ అమ్మాయి నా రంగు ముఖంతో నవ్వింది. వెలుతురుకు అడ్డమొస్తున్నానని నన్ను పక్కకు జరగమన్నారు.