వెనక కూడా టచ్చే

ఇంకా బజారులోకి రాని ఫోను సంగతులు మొగుడితో చెప్పకూడదని ఆమెకు తెలియదా? శుభ్రంగా తెలుసు. తెలిసీ చెప్పింది. సంతోషం పట్టలేక చెప్పింది, పిచ్చిది.

ఫోను అద్దాన్ని పరీక్షించడం ఆమె పని. పొడి వేలితో గీయాలి, తడి వేలితో గీయాలి, నూనె వేలితో గీయాలి, చేతికి తొడుగు వేసుకుని గీయాలి. నీటిచుక్క పడితే అదే వేలనుకుని ఫోను తనంతట తాను ఎవరికో కాల్ చేసేస్తుందేమో చూడాలి. అద్దం తప్ప మిగతా ఫోనంతా నల్లటి తొడుగులో బిగించి సీలు వేసేవారు. వెనక కెమెరాలెన్నో, రంగేమిటో అడిగే హక్కు లేదు. కాంట్రాక్టు మీద ఏళ్ళ తరబడి ఇదే చాకిరీ. పర్మినెంటు మాటెత్తితే మేనేజరు "చూద్దాం" అని తల తిప్పుకునేవాడు.

అలాంటివాడు ఓ రోజు తన గదికి పిలిచి, తలుపు వేసి మరీ చెప్పాడు. "ఈ ఫోనుకి వెనక కూడా టచ్చేనమ్మా. వెనక వేలు జరిపితే ముందు పేజీ కదులుతుంది. ఆ పరీక్షంతా నీకే అప్పజెబుతున్నాం. దాంతోపాటే పర్మినెంటూ అయిపోతుందిలే. బయట పొక్కకూడదు సుమా!"

ఇంట్లో శ్రీవారికి ఓ వీడియో ఛానెలుంది. రాబోయే ఫోన్ల గురించి చూసొచ్చినట్టు చెప్పడమే ఆయనగారి ఉద్యోగం. చార్జింగు పెడితే అద్దం మీద గీత వణుకుతోందనీ, దానితో వారం నుంచి తల బద్దలు కొట్టుకుంటున్నాననీ ఆమె చెబితే ఆవలించేవాడు. ఆ రాత్రి మాత్రం అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"వెనక కూడానా? నిజంగా?"

"నా ఉద్యోగం ఖాయమవుతోందండీ. ముందు అది వినండి."

"విన్నానే! మంచిదే కదా."

"ఎవరితోనూ అనకండి."

"నీ మీదొట్టు. నా నోట్లోంచి వస్తే అడుగు."

ఒట్టు తీసి గట్టున పెట్టడానికి ఆయనకు తెల్లారేదాకా కూడా పట్టలేదు.

మర్నాడు మేనేజరు వీడియో వినిపించాడు. గొంతు మారుద్దామన్న జ్ఞానమైనా లేదు మహానుభావుడికి! మొగుణ్ణి వెనకేసుకురావాలని ఆమె నోరు తనంతట తానే అబద్ధమాడింది.

"ఇంకెవరైనా చెప్పుంటారు సార్."

"ఇంకెవరూ చెప్పలేరమ్మా. మీ అందరికీ తలా ఒక మాట చెప్పాం. ఒకరికి ఫోను మడత పడుతుందన్నాం, ఒకరికి చార్జింగు కన్నమే ఉండదన్నాం. కొత్త ఫోను వచ్చే ముందు ప్రతిసారీ ఇలాగే చేస్తాం. వెనక టచ్ అన్నది నీ ఒక్కదానికే చెప్పాం."

"అంటే... వెనక టచ్ లేదా సార్?"

"లేదు."

"మరి నా పర్మినెంటు?"

"నువ్వు నమ్మాలి కదమ్మా," అన్నాడు.

ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ మాటకి ఆమెకు కడుపు రగిలిపోయింది. వాళ్ళు వేసిన గాలానికి ఎర తన ఆశే. బ్యాడ్జి అక్కడ పెట్టి, సంచీ సర్దుకుని బస్సెక్కింది.

ఇంట్లో మొగుడు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మన వీడియో ఎక్కడికో వెళ్ళిపోయిందే! జనం ఎగబడి చూస్తున్నారు."

ఆమె నిలబడే జరిగిందంతా చెప్పింది. ఆయన మొహం మాడిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు. తప్పయిపోయిందంటాడేమో, కనీసం మంచినీళ్ళు తాగుతావా అని అడుగుతాడేమో అని చూసింది.

"వెనక టచ్ లేదన్నమాట," అన్నాడు చివరికి. "ఛ! నా పరువు గంగలో కలిసింది. మడత పడటం కూడా అబద్ధమేనా?"

"నాకు తెలీదు."

"చార్జింగు కన్నం?"

ఆమె వంటింట్లోకి వెళ్ళి నేల మీద కూర్చుంది. ఏడుపు అప్పుడొచ్చింది, ఆపుకోలేనంతగా. ముందు గదిలో లైటు స్విచ్చి నొక్కిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఆయన హుషారు గొంతు. "మిత్రులారా, కంపెనీ లోపలి నుంచి ఇప్పుడే అందిన వార్త! వెనక టచ్ లేదట..."

మధ్యలో ఆగిపోయాడు. లేచి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆమెను చూశాడు.

"కాస్త మెల్లగా ఏడవ్వే," అన్నాడు. "మైకులో పడుతోంది."

వంటింటి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.