హంతకుడి బూట్లకు నీలం

"హంతకుడు లోపలివాడే," అని వదిన తేల్చేసరికి సూపర్‌వైజర్ చేతిలోని టీ ఒలికి చొక్కా మీద పడింది.

"లోపలివాళ్ళంటే ఎవరు వదినా? నేనూ, ఊడ్చి కడిగే గాలివానా. అంతే కదా!"

"అందుకే అంటున్నా. వెతకడం తేలిక."

మున్సిపాలిటీ వాళ్ళ కుక్కల షెల్టర్‌లో వరసగా కుక్కపిల్లలు చచ్చిపోతున్నాయి. నిన్న చెంగుచెంగున గెంతిన పిల్ల ఇవాళ మూతి నేలకానించి పడుకునేది. తిండి ముట్టేది కాదు. ఆ తర్వాత రక్తవిరేచనాలు. డాక్టరమ్మ చూడగానే చెప్పింది: పార్వో, అంటుజబ్బు, వీధిలోంచి పట్టుకొచ్చిన కుక్కలతో లోపలికి వస్తుంది, కొత్తవాటిని విడిగా ఉంచండి అని. ఉంచారు. గేటు పక్కనే కొత్త కుక్కల గది. వసారా పొడుగునా పెద్ద కుక్కల బోనులు. ఆ చివర, ఇనుప జాలీ తలుపు వెనక, పిల్లల గది. మధ్యలో అంత దూరం ఉన్నా జబ్బు మాత్రం అడ్రసు తెలిసినట్టు నేరుగా పిల్లల దగ్గరికే వెళుతోంది.

పెద్దాఫీసరు ఫోన్లో అరవలేదు. అరిచినా బాగుండేది. "వచ్చే నెల మొదట్లో వస్తాను. అప్పటికీ పిల్లలు పడిపోతుంటే తాళం వేసేద్దాం. కుక్కల్ని ఎక్కడ పట్టారో అక్కడే వదిలేయండి," అని నెమ్మదిగా చెప్పి పెట్టేశాడు.

ఆ బోనుల్లో మూడు కాళ్ళ కుక్క ఉంది. రెండు కళ్ళూ పోయిన ముసలిది ఉంది. లారీ హారను వినిపిస్తే చాలు, గోడకు అతుక్కుపోయి వణికేది ఉంది. వాటిని మళ్ళీ రోడ్డు మీద వదలడమంటే ఏమిటో సూపర్‌వైజర్‌కి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదతను. రోజుకోసారి కడిగే షెల్టర్‌ని మూడుసార్లు కడిగించాడు. రబ్బరు బూట్లు తొడుక్కుని తనే వెనకాల తిరిగాడు. కడిగేవాడు గాలివాన. అతను చీపురు పట్టాడంటే ఎదురున్నవాళ్ళు తప్పుకోవలసిందే, అందుకే ఆ పేరు. "నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు సార్!" అనేవాడు. నిజంగానే నేల అద్దంలా మెరిసేది. పిల్లలు మాత్రం ఇంకా ఎక్కువగా పడిపోతున్నాయి.

దిక్కుతోచక సూపర్‌వైజర్ అన్నయ్య ఇంటికి వెళ్ళి వదిన ముందు కూలబడ్డాడు.

వదిన పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయింది. ఆవిడ వార్డులో అడుగుపెడితే రోగుల చుట్టాలు ఎవరూ చెప్పకుండానే లేచి బయటికి నడిచేవాళ్ళు. అక్కడ ఆవిడ పేరు కర్ఫ్యూ. ఆ సంగతి ఆవిడకి తెలుసు. లోలోపల ముచ్చట కూడా.

"కుక్కలంటే నాకు పడదు, ముందే చెప్తున్నా," అంది. "అంటుజబ్బంటే అసలు పడదు. పద."

ఒక రోజంతా గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చుంది. ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు, ఏ గిన్నె ఎటు వెళుతోంది, అన్నీ చూసింది.

"నా అనుమానం పక్కింటి టైలరు మీద వదినా," అన్నాడు సూపర్‌వైజర్ గొంతు తగ్గించి. "మొరుగుడు భరించలేకపోతున్నానని రోజూ గొడవ. గోడ మీంచి ఏదైనా విసురుతున్నాడేమో."

"బట్టలు కుట్టుకునేవాడికి వైరస్ ఎక్కడ దొరుకుతుందయ్యా? బొత్తాల డబ్బాలోనా?"

ఆ తర్వాతే టీ ఒలికించిన ఆ మాట అంది.

మర్నాడు పొద్దున్నే వదిన అందరికంటే ముందు వచ్చింది. కొత్త కుక్కల గది గడప లోపల, తడిలో, చేతిసంచిలోంచి ఏదో తీసి చల్లింది. గాలివాన రాగానే, "రోజూ ఎలా కడుగుతావో అలాగే కడుగు. నేను లేననుకో," అంది.

"మీరు లేరనుకోవడం కష్టమమ్మా," అని గాలివాన పని మొదలెట్టాడు. అలవాటు ప్రకారం గేటు పక్క గదితోనే. చీపురు, బకెట్టు, తుడుపుకర్ర వసారాలోకి కదిలాయి. బోనులు దాటాయి. పిల్లల గదిలోకి వెళ్ళాయి. వెనకాలే బూట్లు చపచపలాడిస్తూ సూపర్‌వైజర్.

"అయిందా? ఇప్పుడు రండి. హంతకుడు ఏ దారిన పోయాడో చూద్దాం."

వదిన వేలు పెట్టి చూపించింది. గడప మీద నీలం. బట్టలకి పెట్టే నీలం. వసారాలో తుడుపుకర్ర లాగిన చోటల్లా లేత నీలి చార. బకెట్టు నీళ్ళు నీలం. పిల్లల గదిలో పాల గిన్నె పక్కన నీలం. తోక ఊపుతూ వచ్చిన నల్ల పిల్ల మూతి మీద కూడా నీలం. దాని పక్కనే అచ్చు గుద్దినట్టు బూటు ముద్ర.

సూపర్‌వైజర్ ఒంటికాలి మీద నిలబడి బూటు అడుగు చూసుకున్నాడు. గాడి గాడిలోనూ నీలమే.

"మూడు పూటలా... నేనే మోశాను వదినా."

"మోశావు. ఏడుపు తర్వాత. ముందు ఆ బూట్లు విప్పు."

డాక్టరమ్మ సాయంత్రం వచ్చి ఆ నీలి చారలన్నీ వంగి వంగి చూసింది. "కుక్కల్ని విడిగా ఉంచమన్నాను గానీ, చీపుర్ని కూడా విడిగా ఉంచాలని నాకు తట్టలేదండీ," అని వదిన చెయ్యి పట్టుకుంది. నీళ్ళలో బ్లీచింగు ఎంత కలపాలో, నేల మీద ఎంతసేపు ఉంచాలో దగ్గరుండి నేర్పింది.

ఆ రోజుతో షెల్టర్ తలకిందులైంది. ముందు పిల్లల గది. తర్వాత పెద్ద కుక్కలు. అన్నిటికంటే ఆఖరున కొత్త కుక్కలు. ఎక్కడి చీపురు అక్కడే, ఎక్కడి బకెట్టు అక్కడే, ఎక్కడి చెప్పులు అక్కడే. జాలీ తలుపు ముందు నేల మీద లావుపాటి పసుపు గీత.

"ఎవరైనా ఇల్లు వెనకనుంచి ఊడుస్తారా అమ్మా?" అని గాలివాన గింజుకున్నాడు. "పైగా మూడు చీపుర్లు! ఒక్కదానితోనే వేగలేక చస్తున్నా."

"మూడింటినీ మూడు గదుల్లో పెట్టు. పోట్లాడుకోవు."

అప్పటికే జబ్బు అంటుకున్న రెండు పిల్లలు ఆ వారంలోనే మంచం పట్టాయి. ఒకటి దక్కలేదు. రెండోదాన్ని డాక్టరమ్మ సెలైన్ ఎక్కించి నిలబెట్టింది. ఆ తర్వాత సూపర్‌వైజర్ రోజూ పొద్దున్నే గుండె చిక్కబట్టుకుని జాలీలోంచి చూసేవాడు, ఏది లేవలేదా అని. అన్నీ లేచేవి. లేవడమే కాదు, అతన్ని చూసి తిట్టిపోసేవి. పాలెక్కడ అని.

నెల తిరిగింది. పెద్దాఫీసరు జీపు చెప్పాపెట్టకుండా దిగింది. సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చేలోపే ఆయన గేటు పక్క గదిలోకి వెళ్ళి, కొత్త కుక్కల్ని చూసి, వసారా వెంబడి చకచకా నడిచి పసుపు గీత దాకా వచ్చేశాడు.

గీత అవతల వదిన నిలబడి ఉంది.

"ఆగండి. లోపలికి రావడానికి లేదు."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు. ఆ గదిలోంచి వచ్చినవారు. నాకది చాలు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సూపర్‌వైజర్ వైపు తిరిగాడు. "ఎవరయ్యా ఈవిడ? పిల్లల్ని చూడకుండా నేనేం నిర్ణయించాలి? ఏదో దాస్తున్నారనుకోనా?"

సూపర్‌వైజర్ ఒక్క మాటతో వదినను పక్కకు జరపొచ్చు. షెల్టర్ దక్కొచ్చు. ఆ బూట్లు లోపలికెళితే వారం తిరక్కుండా లోపల ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. అడుగు ముందుకేసి, గీత దాటకుండానే, ఆఫీసరుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మా వదినండి. ఆవిడ చెప్పింది నిజం సార్. ఇవాళ మీరు లోపలికి వెళ్ళకూడదు. తాళం వేస్తానంటే వేయండి. గీత మాత్రం దాటకండి. ఇన్నాళ్ళూ వాటిని చంపింది నా బూట్లే సార్. మీ బూట్లని వెళ్ళనివ్వను."

జాలీ వెనక గోల మొదలైంది. కొత్త గొంతు విని పిల్లలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి తలుపు దగ్గర పోగయ్యాయి. బొద్దుగా, జిడ్డు మూతులతో, ఆఫీసరునే తిట్టిపోస్తున్నాయి.

ఆయన వాటిని చూశాడు. తర్వాత తన బూట్లు చూసుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ముందు ఇటు వచ్చి, తర్వాత అటు వెళితే?"

"అప్పుడు నేనే తలుపు తీస్తా," అంది వదిన. "రేపు పొద్దున్నే రండి. ఉతికిన బట్టల్లో. చెప్పులు ఇక్కడివి ఇస్తాం."

వచ్చాడు. షెల్టర్ చెప్పులు ఆయనకి చాలలేదు, మడమలు బయటికి వచ్చాయి. అలాగే పిల్లల గదిలో గొంతుక్కూర్చున్నాడు. పిల్లలు ఆయన ప్యాంటు అంచు నమిలాయి. తాళం ఊసు ఎత్తలేదు. వెళుతూ వెళుతూ కొత్త కుక్కల్ని దింపడానికి వాటి గది వెనక గోడలో వేరే గేటు పెట్టించమని చెప్పాడు.

జీపెక్కబోతుంటే డ్రైవరు తనూ ఓసారి పిల్లల్ని చూసొస్తానని అటువైపు బయల్దేరాడు.

"ఏయ్, ఆగు!" పెద్దాఫీసరు గొంతు వసారా అంతా మోగింది. "ఇందాక కొత్త కుక్కల గదిలో తలకాయ దూర్చావు. పిల్లల దగ్గర్నుంచి ఇటు రావాలయ్యా. ఇటునుంచి పిల్లల దగ్గరికి కాదు. ఆ మాత్రం తెలియదూ?"

సూపర్‌వైజర్ నవ్వాపుకోలేక వదిన వైపు తిరిగాడు. ఆవిడ అప్పటికే అక్కడ లేదు. పిల్లల గదిలో, కుక్కలంటే పడని మనిషి, నల్ల పిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని దాని పొట్ట తడిమి చూస్తోంది.