ఎదురింటి ఉపకారం

ఎల్లారెడ్డి బజారులోని ఆ బ్యాంకు శాఖలో పొద్దున తలుపు తీసేసరికి నేల తళతళలాడుతుంది, మంచినీళ్ల రంజను నిండుగా ఉంటుంది. రెండూ స్వీపరు బాలలక్ష్మి పనే. రంజను నింపే ఆమె అందులోంచి ఒక్క గ్లాసయినా ముంచుకోదు. చాలామంది అది గమనించలేదు; గమనించినవారు అలవాటనుకున్నారు.

ఆ వేసవిలో కామారెడ్డి ప్రాంతీయ కార్యాలయం నుంచి వందన అనే యువ అధికారిణి వచ్చింది. తమ దగ్గర అప్పు తీసుకునేవారు కూలీల హక్కులను కాపాడుతున్నారా అని బ్యాంకు ఎప్పటినుంచో విచారిస్తున్నది. ఆడకూలీలకు మరుగుదొడ్డి లేదని బీర్కూర్ దగ్గర ఒక రైస్‌మిల్లు లోను ఆపించింది వందనే. ఇప్పుడు అదే విచారణ బ్యాంకు తన సొంత శాఖల్లో మొదలుపెట్టింది.

మేనేజరు శైలేందర్ మర్యాదస్తుడు. సిబ్బందిని తన గదిలోకే పిలిపించి, తానూ పక్కనే కూర్చున్నాడు. అందరూ ఏ ఇబ్బందీ లేదన్నారు. కాంట్రాక్టరు కింద పనిచేసే బాలలక్ష్మి కూడా తలుపు దగ్గరే నిలబడి, "మంచిగనే ఉన్న మేడం" అని వెళ్లిపోయింది. క్రితం నెల మూత్రంలో మంట, జ్వరంతో ఆమె నాగా పెట్టిందనీ, ఇంకోసారి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని కాంట్రాక్టరు బెదిరించాడనీ ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం వందనకు బాత్రూం అవసరమైంది. వాడుకలో ఉన్నది మగవాళ్లదొక్కటే. ఆడవాళ్లదాని నిండా పాత కాగితాల మూటలు, విరిగిన కుర్చీలు. మేనేజరు ఆమెను ఎదురింటి సుభద్రమ్మ దగ్గరికి పంపాడు.

సుభద్రమ్మ ఆదరంగా లోపలికి తీసుకుపోయింది. బ్యాంకు ఆడపిల్లలంతా తన ఇంటికే వస్తారని సంతోషంగా చెప్పుకుంది.

"మరి బాలలక్ష్మి?" అని అడిగింది వందన.

"ఆమె ఎట్లొస్తది బిడ్డా? వంటింట్లకెళ్లి పోవాలె గద. మావోళ్లు కాదాయె." ఆ గొంతులో ద్వేషం లేదు, సంకోచమూ లేదు. "అయినా ఆమెకు అక్కెర పడది. దినమంత నీళ్లే ముట్టది."

వందన తిరిగి వచ్చి, బ్యాంకు వెనక మెట్ల మీద కూర్చున్న బాలలక్ష్మి పక్కన తానూ కూర్చుంది. నీళ్లెందుకు తాగవని మెల్లగా అడిగింది.

"తాగితే పోవాలె. యాడికి పోవాలె బిడ్డా?" అంది బాలలక్ష్మి. "నేను చెప్పిన్నని తెలిస్తే పని తీసేస్తరు."

"చెప్పింది సుభద్రమ్మ, నువ్వు కాదవ్వా."

బాలలక్ష్మి మొదటిసారి నవ్వింది.

సంగతి విని శైలేందర్ నిజంగానే నొచ్చుకున్నాడు. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారయినా అడగలేదన్నాడు.

"ఎవరి ముందట అడగాలె సార్?" అంది వందన. "నేను అడిగినప్పుడు గూడ మీరు పక్కనే ఉంటిరి. మిల్లుకైతే లోను ఆపినం. మనల్ని మనం ఏం చేసుకుందాం?"

శైలేందర్ లేచి ఆడవాళ్ల బాత్రూం తలుపు తీశాడు. గది ఖాళీ చేయించడానికి బాలలక్ష్మిని పిలవబోయి, ఆగిపోయాడు. చొక్కా చేతులు మడిచి మొదటి మూట తానే ఎత్తాడు. మిగిలినవారు వెనకే లేచారు. సాయంత్రానికి గదిలో నల్లా నీళ్లు వచ్చాయి, తలుపుకు గడియ పడింది. ప్రాంతీయ కార్యాలయం అనుమతి లేకుండా బాలలక్ష్మిని పనిలోంచి తీయరాదని వందన కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా తెలియజేసింది.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చాక, బాలలక్ష్మి రంజనులో గ్లాసు ముంచి నిలబడే తాగింది. కాసేపాగి, మళ్లీ ముంచుకుంది.

సుభద్రమ్మ చేసింది ఉపకారమే, కాని అది ఆమె వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది. ఏ సంస్థ అయినా తన మనుషుల హక్కును ఎదురింటివారి దయకు వదిలిపెట్టకూడదు.